పాత మందు, కొత్త జబ్బు: నమ్మకం ఒక్కటే చాలదు



కరోనా గురించి ఇంకా చెప్పేదేముంది అని మీలో కొందరు అనుకోవచ్చు. కోవిడ్-19 అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఆ జబ్బు లోకంలోంచి పోలేదు గాని, దాని భయం చాలావరకు పోయింది. అయితే భయం పోయిన తర్వాతే నెమ్మదిగా ఆలోచించుకోవలసిన విషయాలు కొన్ని ఉంటాయి. వాటిలో మందుల సంగతి ఒకటి.

2020, 2021 సంవత్సరాల్లో రోగుల బంధువులు మళ్ళీ మళ్ళీ అడిగిన మాట ఇది: "ఈ జబ్బుకు మందు లేదంటున్నారు. ఉన్న మందుల్లోనే ఏదో ఒకటి వేసి చూడండి డాక్టరుగారూ. పోయేదేముంది?"

ఈ మాటలో రెండు భాగాలున్నాయి. ఉన్న మందుల్లోనే వెతకమనడం తెలివైన మాట. పోయేదేముంది అనడం మాత్రం సరికాదు. పోయేది చాలా ఉందని ఆ రెండేళ్లూ మనకు చూపించాయి. కాబట్టి మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. కొత్త జబ్బుకు పాత మందు వాడదలిస్తే, అది పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్షలో భాగంగానే వాడాలి. ఆ పరీక్షలు పెద్ద నగరాల్లోనే కాదు, మనలాంటి ఆసుపత్రుల్లో కూడా జరగాలి. ఎందుకో వివరిస్తాం.

పాత మందుల్లో వెతకడం ఎందుకు మంచిది?

కొత్త మందు ఒకటి తయారై మందుల షాపుకు రావడానికి మామూలుగా పదేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ముందు జంతువుల మీద, తర్వాత కొద్దిమంది ఆరోగ్యవంతుల మీద, ఆ తర్వాత రోగుల మీద దాన్ని పరీక్షించాలి. ప్రాణాలు పోతున్న సమయంలో అంతకాలం ఎవరు ఆగగలరు? పాత మందు అయితే దాని మోతాదు తెలుసు, ఎవరికి పడదో తెలుసు, ఫ్యాక్టరీల్లో అది తయారవుతూనే ఉంటుంది.

ఇలా పాత మందు కొత్త జబ్బుకు పనికొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. హెచ్.ఐ.వి.కి మొట్టమొదటి మందు జిడోవుడిన్. దాన్ని 1964లో అమెరికాలో తయారు చేసింది క్యాన్సరు కోసం. క్యాన్సరుకు పనికిరాలేదని పక్కన పెట్టేశారు. ఎయిడ్స్ వచ్చాక దాన్ని మళ్ళీ బయటికి తీశారు. 282 మంది రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందు, ఇంకో గుంపుకు మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చి చూశారు. ఉత్తి మాత్ర తీసుకున్నవారిలో 19 మంది చనిపోయారు. మందు తీసుకున్నవారిలో ఒక్కరే చనిపోయారు. దాంతో 1987లో అది వాడకంలోకి వచ్చింది. తల్లి నుంచి బిడ్డకు హెచ్.ఐ.వి. సోకడాన్ని అది బాగా తగ్గిస్తుందని 1994లో తేలింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పాత మందు అన్న పేరు చూసి జిడోవుడిన్‌ను ఎవరూ నమ్మలేదు. పరీక్షలో నెగ్గింది కాబట్టి నమ్మారు.

తాళం వేరు, చెవి వేరు

వైరస్ అనేది తనంతట తాను బతకలేదు. మన శరీరంలోని కణంలోకి దూరి, ఆ కణం చేతనే తన నకళ్లు తీయించుకుంటుంది. కరోనా వైరస్‌కు ఇందులో ముఖ్యంగా రెండు పనిముట్లు ఉన్నాయి. ఒకటి తన జన్యు సమాచారాన్ని నకలు తీసే యంత్రం వంటిది. రెండోది కత్తెర వంటిది. వైరస్ తయారు చేయించుకున్న పొడుగాటి మాంసకృత్తును ఈ కత్తెర ముక్కలుగా కత్తిరించి, పనికొచ్చే భాగాలుగా చేస్తుంది. వైరస్‌ల మీద పనిచేసే మందుల్లో చాలావరకు ఈ రెండింటిలో ఒకదాన్ని అడ్డుకునేవే.

హెచ్.ఐ.వి. వైరస్‌కూ ఒక కత్తెర ఉంది. లోపినావిర్, రిటోనావిర్ కలిసిన మాత్ర దాన్ని పనిచేయనివ్వదు. అందుకే కరోనా జబ్బు రాగానే చాలామంది వైద్యుల చూపు ఆ మాత్ర మీద పడింది. అయితే రెండూ కత్తెరలే గాని, ఒకటి దర్జీ కత్తెర అయితే ఇంకొకటి వక్కలు కత్తిరించే అడకత్తెర. ఒకదానికి అడ్డుపడే చెక్కముక్క రెండోదానికి అడ్డుపడాలని లేదు. ప్రయోగశాలలో గాజు పాత్రలోని కణాలకు ఎక్కువ మోతాదులో ఈ మందు పోస్తే కరోనా వైరస్ తగ్గింది నిజమే. కానీ మనిషి మింగిన మాత్రతో రక్తంలో అంత మందు చేరదు.

ఇన్‌ఫ్లుయెంజా జ్వరానికి వాడే ఒసెల్టామివిర్ సంగతి ఇంకా తేలిక. ఫ్లూ వైరస్‌కు ఉండే ఒక ప్రత్యేకమైన ఎంజైమును అది అడ్డుకుంటుంది. కోవిడ్ వైరస్‌లో ఆ ఎంజైమే లేదు. అయినా మొదటి నెలల్లో దాన్ని చాలామందికి రాశారు.

2003లో చేజారిన అవకాశం

కోవిడ్ మొదటి కరోనా ఉపద్రవం కాదు. 2002 చివర చైనాలో మొదలై 2003లో హాంకాంగ్, సింగపూరు, కెనడా తదితర దేశాలకు పాకిన సార్స్ జబ్బు కూడా కరోనా వైరస్ వల్ల వచ్చిందే. 8,000 మందికి పైగా దాని బారిన పడ్డారు. 774 మంది చనిపోయారు. అప్పుడు కూడా పాత మందులే వాడారు. కాలేయ వ్యాధికి ఇచ్చే రిబావిరిన్‌ను ఎంతోమందికి ఇచ్చారు. హాంకాంగ్‌లో లోపినావిర్ మాత్రను కూడా కలిపి ఇచ్చి, అంతకుముందు అది తీసుకోని రోగులతో పోల్చి చూశారు. ఫలితం ఆశ పుట్టించింది. కానీ రెండు గుంపులూ ఒకే కాలానివి కావు. కాబట్టి మేలు మందు వల్లనా, చికిత్సలో అనుభవం పెరగడం వల్లనా అన్నది తేలలేదు.

సార్స్ ఆగిపోయాక నిపుణులు ఆ రికార్డులన్నీ తిరగేసి, 2006లో తమ తీర్పు చెప్పారు. ఏ మందూ మేలు చేసిందని గట్టిగా చెప్పడానికి వీల్లేదు. రిబావిరిన్ మాత్రం కొందరికి రక్తహీనత తెచ్చిపెట్టింది. స్టెరాయిడ్లు అతిగా వాడినవారిలో కొందరికి తుంటి ఎముకలు దెబ్బతిన్నాయి. ఇంతమంది రోగులు, ఇన్ని మందులు, ఇంత శ్రమ. తర్వాతి తరానికి మాత్రం ఒక్క స్పష్టమైన జవాబు మిగల్లేదు. సార్స్‌లో మందుల విషయంలో జరిగిన పెద్ద నష్టం ఇదేనని మా ఉద్దేశం.

2012లో సౌదీ అరేబియాలో బయటపడిన మెర్స్ ఇంకో కరోనా జబ్బు. అక్కడి వైద్యులు ఓపికగా పరీక్ష నడిపారు. లోపినావిర్ మాత్రతో పాటు ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షను ఇచ్చి, ఇవ్వనివారితో పోల్చారు. 95 మంది రోగులను చేర్చుకోవడానికే ఏళ్లు పట్టింది. 2020లో ఫలితం వచ్చింది. చికిత్స పొందినవారిలో 90 రోజుల్లో నూటికి 28 మంది, పొందనివారిలో నూటికి 44 మంది చనిపోయారు. మెర్స్‌కు ఇది మేలు చేసినట్టే.

మరి ఇదే మందు కోవిడ్‌కు కూడా పనిచేయాలి కదా? ఇక్కడే అసలు పాఠం ఉంది.

2020లో వచ్చిన జవాబులు

చైనాలోని ఊహాన్ వైద్యులు జబ్బు ఉధృతంగా ఉన్న రోజుల్లోనే 199 మందితో లోపినావిర్ మాత్రను పరీక్షించారు. 2020 మార్చిలో ఫలితం ప్రకటించారు. మామూలు చికిత్స కంటే మేలు కనిపించలేదు. అది చిన్న పరీక్ష కదా అని కొందరన్నారు. ఆ తర్వాత బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద పరీక్ష జరిగింది. అందులో 1,616 మందికి ఆ మాత్ర ఇచ్చారు, 3,424 మందికి మామూలు చికిత్స చేశారు. 28 రోజుల్లో మాత్ర తీసుకున్నవారిలో నూటికి 23 మంది, తీసుకోనివారిలో నూటికి 22 మంది చనిపోయారు. అంటే తేడా లేదు. ఒక కరోనా జబ్బుకు పనికొచ్చినట్టు కనిపించిన మందు ఇంకో కరోనా జబ్బుకు అక్కరకు రాలేదు. ఇది ఎంత గొప్ప వైద్యుడైనా ఊహించి చెప్పగలిగేది కాదు.

మలేరియాకు, కీళ్లవాతానికి ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ వైరస్ మందు కాకపోయినా, అందరికంటే ఎక్కువ పేరు దానికే వచ్చింది. రికవరీ పరీక్షలో అది తీసుకున్నవారిలో నూటికి 27 మంది, తీసుకోనివారిలో నూటికి 25 మంది చనిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన సాలిడారిటీ పరీక్షలో మన దేశం కూడా పాల్గొంది. 30 దేశాల్లోని 405 ఆసుపత్రుల్లో 11,000 మందికి పైగా రోగులను పరీక్షించి, 2020 అక్టోబరులో అదే జవాబు చెప్పింది.

మన ఊళ్లలో ఫావిపిరావిర్ మాత్రలు గుర్తుండే ఉంటాయి. జపానులో ఫ్లూ మహమ్మారి వస్తే వాడుకుందామని 2014లో అనుమతించిన మందు అది. మన దేశంలో 2020 జూన్‌లో అనుమతి వచ్చినప్పుడు మాత్ర ధర 103 రూపాయలు. పద్నాలుగు రోజుల కోర్సుకు 122 మాత్రలు, అంటే 12,500 రూపాయలకు పైనే. తర్వాత జరిగిన పెద్ద పరీక్షలో చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. పైగా గర్భిణులు అసలు తీసుకోకూడని మందు అది, కడుపులోని బిడ్డకు ప్రమాదం.

రెమ్‌డెసివిర్ కోసం పరుగులు

2021 ఏప్రిల్, మే నెలలు మనలో ఎవరమూ మర్చిపోలేం. రెమ్‌డెసివిర్ ఇంజక్షను కోసం జనం మందుల షాపుల ముందు, కంపెనీల గేట్ల ముందు వరుసలు కట్టారు. పుస్తెలు తాకట్టు పెట్టినవారున్నారు. పొలం అమ్మినవారున్నారు. నకిలీ సీసాలు పట్టుబడిన వార్తలు పత్రికల్లో చదివాం. కేంద్ర ప్రభుత్వం ఏప్రిల్ 11న దాని ఎగుమతిని ఆపేసింది.

ఆ ఇంజక్షను సంగతి నిజంగా ఏమిటి? ఎబోలా మీద పరీక్షిస్తే కాంగో దేశంలో అంతకంటే మెరుగైన చికిత్సలు దొరికాయి, దాంతో ఇది పక్కకు పోయింది. కోవిడ్ వచ్చాక మళ్ళీ ముందుకొచ్చింది. వైరస్ నకలు తీసుకునేటప్పుడు ఇది మధ్యలో దొంగ అక్షరంలా దూరి, నకలును ఆపేస్తుంది. అమెరికాలో 1,062 మందితో చేసిన పరీక్షలో కోలుకునే కాలం 15 రోజుల నుంచి 10 రోజులకు తగ్గింది. సాలిడారిటీ పరీక్ష తుది లెక్క 2022లో వచ్చింది. వెంటిలేటరు దాకా వెళ్లకుండా ఆక్సిజను మీద ఉన్నవారిలో, ఇంజక్షను తీసుకున్నవారు నూటికి 14.6 మంది, తీసుకోనివారు నూటికి 16.3 మంది చనిపోయారు. వెంటిలేటరు మీద ఉన్నవారికి మేలు లేదు.

అంటే అది ఉత్తి నీళ్లు కాదు, సంజీవనీ కాదు. సరైన రోగికి, సరైన సమయంలో కొద్దిపాటి మేలు చేసే మందు. వెంటిలేటరు మీద ఉన్న తండ్రి కోసం పుస్తెలు అమ్మి తెచ్చిన ఆరు సీసాలు ఆయన్ను కాపాడలేవు. ఈ మాట అప్పుడు ఆ బిడ్డలకు నచ్చజెప్పడం ఎవరికైనా కష్టమే. అందుకే తీరికగా ఉన్న ఇప్పుడు చెబుతున్నాం.

పోయేదేముంది అంటే

మొదట పోయేది డబ్బు. ఆ డబ్బుతో ఇంటికి ఆక్సిజను చూసే పరికరం, మంచి తిండి, సమయానికి ఆసుపత్రికి వెళ్లే బండి ఖర్చు వచ్చేవి.

రెండోది, ఆ మందు మీదే ఆధారపడి బతికే ఇతర రోగులు. లూపస్ జబ్బు ఉన్నవారికి హైడ్రాక్సీక్లోరోక్విన్ ప్రతిరోజూ కావాలి. 2020లో ఆరోగ్యవంతులు కొని ఇంట్లో దాచుకున్నందువల్ల, నిజంగా అవసరమైనవారు ఆ మాత్రల కోసం తిరగవలసి వచ్చింది. హెచ్.ఐ.వి.కి మొదటి వరుస మందులు పనిచేయని వారిలో చాలామందికి అప్పట్లో లోపినావిర్ మాత్రే ఆధారం. ఒకరి ఆశ కోసం ఇంకొకరి రోజువారీ మందు ఖాళీ కావడం న్యాయం కాదు.

మూడోది, మందు చేసే చెడు. ఒక మందు మలేరియా రోగికి పడినంత మాత్రాన, న్యుమోనియాతో గుండె అలసిపోయిన రోగికి పడుతుందని లేదు. కోవిడ్‌కు ప్రాణదాత అయిన స్టెరాయిడే, ఆక్సిజను అవసరం లేనివారు ఇంటి దగ్గర సొంతంగా వాడితే షుగరు పెంచి కీడు చేసింది. 2021లో మన రాష్ట్రాల్లో నల్ల ఫంగస్ అంతగా రావడానికి అదుపులేని షుగరుతో పాటు స్టెరాయిడ్ల అతి వాడకం కూడా ఒక కారణం.

నాలుగోది కంటికి కనబడదు. అది జవాబు. పరీక్ష లేకుండా పదివేల మందికి మందు ఇచ్చినా, బతికినవారు మందు వల్ల బతికారో మామూలుగానే బతికారో తెలియదు. కోవిడ్ వచ్చినవారిలో చాలామంది ఏ మందూ లేకుండానే కోలుకున్నారు. వాళ్లు ఏ మందు మింగి ఉంటే ఆ మందుకే పేరు వచ్చేది.

నెగ్గిన మందులు

రికవరీ పరీక్షలోనే డెక్సామెథసోన్‌ను కూడా చూశారు. 1950ల నుంచి ఉన్న స్టెరాయిడ్ అది, ప్రతి చిన్న ఆసుపత్రిలోనూ దొరుకుతుంది. వెంటిలేటరు మీద ఉన్నవారిలో చావులు నూటికి 41 నుంచి 29కి తగ్గాయి. ఆక్సిజను మీద ఉన్నవారిలో నూటికి 26 నుంచి 23కి తగ్గాయి. ఆక్సిజను అక్కర్లేనివారికి మేలు లేదు. పరీక్ష మొదలైన దాదాపు వంద రోజుల్లో, 2020 జూన్ 16న, ఈ ఫలితం బయటికొచ్చింది. ఇది వైరస్‌ను చంపే మందు కాదు. జబ్బు ముదిరాక శరీరమే తన ఊపిరితిత్తుల మీద చేసుకునే దాడిని తగ్గిస్తుంది. అందరూ ఖరీదైన వైరస్ మందుల కోసం చూస్తుంటే, కొద్ది రూపాయల మందు ఎక్కువ ప్రాణాలు కాపాడింది. ఇది కూడా పరీక్ష లేకపోతే తెలిసేది కాదు.

వైరస్ మందుల్లో బాగా నెగ్గింది నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ కలిసిన మాత్రలు. దీని కథ ఆసక్తికరం. 2003 సార్స్ సమయంలో ఒక కంపెనీ శాస్త్రజ్ఞులు కరోనా కత్తెరను అడ్డుకునే పదార్థం కోసం కృషి చేశారు. సార్స్ ఆగిపోవడంతో ఆ పని మూలన పడింది. 2020లో దాన్ని దుమ్ము దులిపి, మార్పులు చేసి నిర్మాట్రెల్విర్ తయారు చేశారు. దానికి తోడు పాత హెచ్.ఐ.వి. మందు రిటోనావిర్‌ను కలిపారు. అది నిర్మాట్రెల్విర్‌ను కాలేయం తొందరగా అరగదీయకుండా ఆపుతుంది. లోపినావిర్‌తో కలిసి ఓడిపోయిన రిటోనావిర్ ఇక్కడ సహాయకుడిగా పనికొచ్చింది. టీకా వేయించుకోని, ప్రమాదం ఎక్కువ ఉన్న రోగులకు జబ్బు మొదలైన అయిదు రోజుల లోపల ఇస్తే, ఆసుపత్రిలో చేరడం, చనిపోవడం దాదాపు నూటికి 6 నుంచి 1 లోపుకు తగ్గాయి. హైదరాబాదుకు చెందిన హెటిరో తయారు చేసిన జనరిక్ రూపాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో ఆమోదించింది.

రెమ్‌డెసివిర్ కూడా ఇలాంటి రోగులకు జబ్బు తొలి వారంలో మూడు రోజులు ఇస్తే, ఆసుపత్రిలో చేరేవారు నూటికి 5 నుంచి 1 లోపుకు తగ్గారు. అంటే వైరస్ మందుకు సమయమే ప్రాణం. ఇల్లంతా అంటుకున్నాక అగ్గిపుల్ల ఆర్పి లాభం లేదు. మొల్నుపిరావిర్ మాత్ర మొదటి పరీక్షలో ఆశ పుట్టించినా, బ్రిటన్‌లో 25,000 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో ఆసుపత్రిలో చేరడాన్ని తగ్గించలేదు. టీకాలు వేయించుకున్న జనంలో మందు వల్ల వచ్చే అదనపు మేలు తగ్గిపోతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

చీట్లు వేసి మందు ఇస్తారా?

పరీక్ష అనగానే చాలామందికి కోపం వస్తుంది. "ప్రాణం పోయే మనిషికి మందు ఇవ్వాలో వద్దో చీట్లు వేసి తేలుస్తారా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. మందు మేలు చేస్తుందని తెలిస్తే చీట్లు వేయడం పాపమే. తెలియనప్పుడు మాత్రం చీట్లే అందరికీ సమానమైన న్యాయం. పలుకుబడి ఉన్నవాడికి మందు, లేనివాడికి లేదు అనే పద్ధతి అక్కడ నడవదు. మందు రానివారికి కూడా ఆక్సిజను, నర్సింగు, మిగతా చికిత్స అన్నీ ఒకే విధంగా అందుతాయి. పైన చెప్పిన లెక్కలు చూడండి. హైడ్రాక్సీక్లోరోక్విన్ రానివారు నష్టపోలేదు.

ఇది మనకు కొత్త కూడా కాదు. క్షయ రోగులకు మంచాలు చాలని రోజుల్లో, మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియాల కోసం జనం ఎదురు చూసేవారు. మద్రాసులో 1956లో 193 మంది పేద రోగులను చీట్ల పద్ధతిలోనే రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు శానిటోరియంలో, ఇంకో గుంపుకు ఇంటి దగ్గర అవే మందులు ఇచ్చారు. ఇంటి దగ్గర చికిత్స కూడా అంతే బాగా పనిచేస్తుందని 1959లో తేలింది. ఈనాడు క్షయ రోగి ఇంట్లో ఉండి పని చేసుకుంటూ మందులు మింగగలుగుతున్నాడంటే, ఆ 193 మందికీ మనం రుణపడి ఉన్నాం. కోవిడ్‌లో కూడా ప్లాస్మా చికిత్సను ఐ.సి.ఎమ్.ఆర్. 39 ఆసుపత్రుల్లో 464 మందితో పరీక్షించి, మేలు లేదని 2020లోనే తేల్చింది. కాబట్టి మన దేశంలో ఇవి జరగవనడం నిజం కాదు. ఆ జవాబు వచ్చాక కూడా 2021 మే దాకా ప్లాస్మా దాతల కోసం పరుగులు ఆగలేదు. జవాబు తెచ్చుకోవడం ఒక ఎత్తు, దాన్ని పాటించడం ఇంకో ఎత్తు.

పేదవాళ్లను ఎలుకల్లా వాడుకుంటారనే భయం ఇంకొకటి. ఈ భయానికి కారణం లేకపోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేసిన అధ్యయనంలో, చాలామంది పిల్లల విషయంలో తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేశారని బయటపడింది. 2010లో ప్రభుత్వం దాన్ని ఆపించింది. ఆ పిల్లల్లో సంభవించిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు గాని, అనుమతి తీసుకున్న తీరు తప్పని తేలింది. 2019 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం నైతిక కమిటీ ఆమోదం, రోగి సమ్మతి, కీడు జరిగితే పరిహారం తప్పనిసరి. ఈ నియమాలు కాగితం మీదే కాక మంచం పక్కన కూడా పాటించాలి. రోగికి అర్థమయ్యే తెలుగులో చెప్పి, కాదనే హక్కు ఉందని చెప్పి, కాదంటే చికిత్సలో ఏ లోటూ రాదని చెప్పి, ఆ తర్వాతే సంతకం అడగాలి. అలా చేయని పరీక్ష మాకు వద్దు.

మేము కోరేది

ఇంకో వైరస్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వస్తే మళ్ళీ పాత మందులే ముందుగా చేతికి వస్తాయి. అందుకని ఇప్పుడే ప్రభుత్వం, వైద్య సంస్థలు ఒక సులువైన పరీక్షా పద్ధతిని సిద్ధం చేసి ఉంచాలి. బ్రిటన్‌లో 176 ఆసుపత్రులు రికవరీలో చేరగలిగాయంటే, అందులో రాసే కాగితాలు తక్కువ కావడం ఒక కారణం. జిల్లా ఆసుపత్రులు, మిషన్ ఆసుపత్రులు కూడా చేరేంత తేలికగా అది ఉండాలి. మా సిస్టర్లకు ఇరవై పేజీల ఫారం నింపే తీరిక ఉండదు, ఒక పేజీ అయితే నింపగలరు.

పాఠకులకు మా మనవి కూడా ఉంది. డాక్టరు కొత్త జబ్బుకు ఏదైనా మందు రాసినప్పుడు మూడు మాటలు అడగండి. ఈ మందు ఈ జబ్బుకు పనిచేస్తుందని పోల్చి చూసిన పరీక్షలో తేలిందా? నా జబ్బు ఇప్పుడున్న దశలో ఇది మేలు చేస్తుందా? నేను వాడే ఇతర మందులతో ఇది పడుతుందా? మూడో ప్రశ్న చాలా ముఖ్యం. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవారు నిర్మాట్రెల్విర్ మాత్రలు తీసుకోకూడదు. కొలెస్ట్రాల్, మూర్ఛ, రక్తం పలుచన చేసే మందులు కొన్ని కూడా వాటితో పడవు. మీ మందుల చీటీలన్నీ ఒక సంచిలో పెట్టి ఆసుపత్రికి తెచ్చుకోండి.

డాక్టరు "ఈ మందు అవసరం లేదు" అంటే నిర్లక్ష్యం అనుకోకండి. పెద్దవాళ్లు, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు జ్వరం వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే వచ్చి చూపించుకోండి. వారం ఆగి వచ్చి ఖరీదైన ఇంజక్షను అడగడం కంటే అదే మేలు. రేపెప్పుడైనా ఏ ఆసుపత్రిలోనైనా "ఈ పరీక్షలో చేరతారా?" అని అడిగితే, భయపడి వెళ్లిపోకండి. కూర్చుని అన్నీ అడిగి తెలుసుకోండి. మీకు నచ్చితే చేరండి. నచ్చకపోతే వద్దనండి, ఎవరూ తప్పు పట్టరు. చేరినవారి వల్ల వచ్చే జవాబు వాళ్లకు ఉపయోగపడినా పడకపోయినా, అదే జబ్బుతో తర్వాత వచ్చే రోగికి ఉపయోగపడుతుంది.